పెంటలో దొరికిన సోంపు

మూర్‌హైడె
అక్టోబరు నెలాఖరు

లీనక్కకి,

నీ తమ్ముడు నోల్ బతికే ఉన్నాడు. పందులూ బతికే ఉన్నాయి. పందుల క్షేమం ముందు రాయనందుకు మారినుస్ బావని ఏమీ అనుకోవద్దను.

ఊళ్ళో వార్త ఒక్కటే. డ్రీస్ టవర్ కట్టేశాడు. అవును, ఆ డ్రీసే. బళ్ళో నీ వెనక బెంచీలో కూర్చుని ముక్కు చొక్కాచేతికి తుడుచుకునేవాడు. ఇప్పుడు పందుల రైతుల సంఘానికి అధ్యక్షుడు. కొట్టంలోకి వెళ్ళేటప్పుడు కూడా తెల్లకోటు వేసుకుంటున్నాడు. పాపం పందులు వాణ్ణి సూదులేసే డాక్టరనుకుని పిర్రలు గోడకి ఆనించి నిలబడుతున్నాయి.

మొన్న సంఘం హాల్లో అందరికీ కాఫీ పోయించి, కాఫీకి ఒక్కో బిస్కట్టు చొప్పున లెక్కగా పంచి, ఉపన్యాసం మొదలెట్టాడు. మన ఇసక నేల ఇంక భాస్వరం తాగనంటోందిట. ఎవరి పందుల పెంట ఎక్కడికి పోతుందో వాడు చూపించాలిట. చూపించలేనివాడు పందుల్ని అమ్ముకోవాలిట. ఇవన్నీ ఎరువుల ఆఫీసువాళ్ళు ఊదరగొట్టిన మాటలే. అక్కడితో ఆగితే డ్రీస్ ఎందుకవుతాడు? గుండెమీద చెయ్యేసుకుని, "మిత్రులారా, మనం భాస్వరాన్ని తిరిగి రాబడుతున్నాం," అన్నాడు.

"ఎక్కడికి పోయిందిరా రాబట్టడానికి? పంది కిందే ఉందిగా," అన్నాను.

హాలంతా నవ్వింది. వాడు నవ్వలేదు. ఎక్కడో ఎడారిలో రాయిగా తవ్వి, ఓడలకెత్తి తెచ్చి, దాణాలో కలిపి పందికి పెడితే, సగం అది ఒంటికి పట్టించుకోకుండా కిందకి వదిలేస్తోందని నాకు పాఠం చెప్పాడు. పందిని పెంచేవాడికి పంది ఏం వదులుతుందో చెప్తున్నాడు, చూశావా! వాడి టవర్లో పెంటనీళ్ళు పోసి, మెగ్నీషియం ఉప్పు వేసి గిరగిరా తిప్పుతారుట. అడుక్కి తెల్లటి గింజలు దిగుతాయి. ఆవగింజకంటే కాస్త పెద్దవి, వాసన లేదు. అదీ భాస్వరం. దాన్ని ఓ గాజుసీసాలో పోసి వాళ్ళింట్లో మేరీమాత బొమ్మ పక్కన పెట్టాడు. దానికీ ఓ కొవ్వొత్తి వెలిగించమన్నాను. అప్పుడు చెప్పాడు, "ఇంక మా ఇంట్లో కాలు పెట్టకు," అని.

కార్నివాల్ పండగ లోపల చేరినవాళ్ళ పెంటే టవర్లోకి తీసుకుంటారుట. తర్వాత వచ్చి కాళ్ళమీద పడ్డా లాభం లేదుట. నేను చేరను. ఆ తెల్లకోటు ముందు టోపీ తీసి నిలబడడానికి నాకేం ఖర్మ? మీ బంకమట్టి పొలాలున్నాయి, బావ ఉన్నాడు. వసంతంలో ఎప్పట్లాగే నా పెంట ట్యాంకర్లు ఎప్పుడు పంపమంటాడో కనుక్కుని రాయి.

నీ తమ్ముడు
నోల్


ఔడెప్లాట్, జేలాండ్
నవంబరు

నోల్,

నీ ఉత్తరం రాత్రి భోజనాల తర్వాత పైకి చదివాను. పందుల పిర్రల దగ్గర నేను నవ్వాను. మారినుస్ నవ్వలేదు. ఆదివారం నవ్వడు, మిగతా రోజులు పని ఉంటుంది.

బంగాళాదుంపలు తవ్వడం అయింది. చక్కెరదుంపలు ఇంకా పొలంలోనే ఉన్నాయి. వాన వదలడం లేదు, ట్రాక్టరు దిగబడుతోంది. గట్టు మీదనుంచి వచ్చే గాలికి ఆరేసిన దుప్పట్లు ఉప్పుగా అవుతున్నాయి. వసంతం సంగతి వసంతంలో చూద్దాం.

డ్రీస్ మీద నీకెందుకురా అంత కడుపుమంట? వాడు ముక్కు తన చొక్కాకి తుడుచుకున్నాడు. నువ్వు ఎదుటివాళ్ళ చొక్కాకి తుడిచావు. వ్యవసాయ బడినుంచి వాడు పట్టా పుచ్చుకుని బయటికొచ్చాడు. నువ్వు హెడ్‌మాస్టరు కుర్చీలో పందిపిల్లని టై కట్టి కూర్చోబెట్టి బయటికొచ్చావు. ఆ పందిపిల్ల నీకంటే ఎక్కువసేపు కూర్చుందని నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు.

డ్రీస్ పెళ్ళాం కోబాని అడిగానను. మొగుడెలాంటివాడైనా అది బంగారం. చిన్నప్పుడు నీకు చలేస్తే తన మఫ్లరు తీసి నీ మెడకి చుట్టి తను వణుక్కుంటూ ఇంటికి పోయేది, గుర్తుందా? నీకెందుకు గుర్తుంటుంది.

వెళ్ళి టవర్లో చేరు. ఎందుకని అడక్కు. ఈ ఒక్కసారికీ అక్క మాట విను.

లీన్


మూర్‌హైడె
డిసెంబరు, సెయింట్ నికోలస్ పండగ వెళ్ళాక

లీనక్కకి,

వసంతం సంగతి వసంతంలో అంటావు, టవర్లో చేరమంటావు, ఎందుకో అడగద్దంటావు. సముద్రపు గాలి మెదడులోకి దూరినట్టుంది. ఓ ఉన్ని టోపీ కొనుక్కో.

ఇప్పుడు కూర్చో. చేతిలో కాఫీ ఉంటే కింద పెట్టు.

డ్రీస్ కూతురు ఇంగ్రిడ్‌కి మగపిల్లాడు పుట్టాడు. పుట్టింట్లోనే పురుడు. ఇంకేం, ఊరంతా వాళ్ళింటికి రస్కులు తినడానికి. వెన్న రాసి, పైన నీలం తెలుపు చక్కెర పూసిన సోంపు మిఠాయి, కాడలు తోకల్లా పొడుచుకొచ్చి ఉండేవి, చల్లి, నువ్వెరుగుదువుగా. సరిగ్గా ఆరోజే ఎరువుల ఆఫీసునుంచి అధికారి వస్తున్నాడు, టవర్ గింజల్ని పరీక్షకి పట్టుకెళ్ళడానికి. డ్రీస్ ఆనందం చూడాలి! తాత అయ్యాడు, పెంటకి తండ్రి అయ్యాడు, రెండూ ఒక్కరోజే.

ముందురోజే నేను సోంపు మిఠాయి ఓ పొట్లం కొని, బల్లమీద పోసి, తెల్లవి వేరు చేశాను. నీలంవన్నీ మీప్ తినేసింది. నా పెళ్ళాం నాలుక ఇప్పటికీ సిరాకలంలా నీలంగా ఉంది. మర్నాడు డ్రీస్ టవర్ దగ్గరున్న సమయం చూసి వాళ్ళ వంటింట్లోకి దూరాను. కోబా ఒక్కతే ఉంది.

"ఆయన చూశాడంటే నిన్నూ నన్నూ కలిపి టవర్లో వేసి తిప్పుతాడు. తొందరగా తిని పోరా," అంటూ రస్కు చేతిలో పెట్టింది. ఇంతలో పైన పిల్లాడు ఏడిస్తే మెట్లెక్కి పోయింది.

తర్వాత సంగతి నువ్వు ఊహించుకోగలవు. మేరీమాత చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. ఆవిడక్కూడా డ్రీస్ అంటే విసుగనుకుంటా.

నేననుకున్నదల్లా ఏమిటంటే, సాయంత్రం డ్రీస్ సీసా మూత తీసి అందరికీ చూపిస్తాడు, సోంపు వాసన గుప్పుమంటుంది, నాలుగురోజులు నవ్వుకుంటాం, అంతే. కానీ వాడు నా ఊహకి మించిన వెధవ! మీప్ అక్కడే ఉంది కాబట్టి మాట పొల్లుపోకుండా చెప్పింది. అధికారి టవర్ దగ్గర బురదలో దిగి తనే గింజలు తీసుకుందామని రబ్బరు బూట్లు తెచ్చుకున్నాడుట. డ్రీస్ ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి, "బూట్లెందుకండీ, కడిగి ఆరబెట్టిన సరుకు ఇక్కడుంది. మా ఊరి ముత్యాలు!" అంటూ సీసా తీసి చేతిలో పెట్టాడుట.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూసి, "వీటికి తోకలున్నాయేమిటి?" అన్నాడుట.

"స్ఫటికమంటే అలాగే ఉంటుందండీ," అన్నాడుట మన శాస్త్రవేత్త.

సీసా మూతకి లక్క ముద్ర వేశారు, ఆఫీసుకి పట్టుకుపోయారు. లీనక్కా, ఏడాదిబట్టి ఆ గింజల గురించి నోరు నొప్పిపుట్టేలా మాట్లాడినవాడు ఒక్కసారైనా వాటిని కళ్ళు పెట్టి చూడలేదు! సోంపు విసర్జించే పందులు ప్రపంచంలో ఇక్కడే ఉన్నాయని ఇంక పరీక్షలో తేలుతుంది.

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి.

నోల్


ఔడెప్లాట్
జనవరి

నోల్,

నవ్వాను. ఆ తెల్లకోటు, ఆ తోకలు. ముందు నవ్వినందుకు నన్ను నేనే కొట్టుకోవాలి.

ఇప్పుడు నువ్వు కూర్చో.

మా దుంపలు కొనే చిప్స్ కార్ఖానావాళ్ళు పచ్చిపెంట పోసిన పొలంలో పండిన దుంప ఇకమీదట వద్దన్నారు. వేసవిలోనే చెప్పారు. మారినుస్ నీ ట్యాంకరు ఇంక ఒక్కటి కూడా తీసుకోలేడు. ఈ వసంతం కాదు, ఏ వసంతమూ కాదు. టవర్ గింజలైతే వాళ్ళకి అభ్యంతరం లేదు. అందుకని మారినుస్ డ్రీస్‌కి రాశాడు. ఆ గింజలు ఎరువేనని ఆఫీసు అనుమతి ఇస్తే మొదటి బస్తాలు మా పొలానికే. నేను విడిగా కోబాకి రాశాను. మా తమ్ముడు అడగడు, పొగరుబోతు, వాడు అడక్కపోయినా వాడి పందుల పెంటకి టవర్లో చోటు ఉంచు అని. ఉంచింది. మొగుణ్ణి ఎలా ఒప్పించుకుందో అది నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే మర్నాటికి సారాకొట్లో పాట కట్టేవాడివి.

ఆ అనుమతి ఆ సీసా మీద ఆధారపడి ఉంది. అనుమతి రాకపోతే టవర్ ఆగుతుంది. టవర్ ఆగితే మీ ఊళ్ళో మిగతావాళ్ళు ఎక్కడో అక్కడ తిప్పలుపడి పెంట పోసుకుంటారు, వాళ్ళకి నలుగురితో మంచి ఉంది. నీకెవరున్నారు? డ్రీస్‌ని ఆటపట్టించానని పొట్ట పట్టుకుని నవ్వుతున్నావు. అమ్ముడుపోయేది నీ పందులురా, మట్టిబుర్రా.

సొంత గొయ్యి తవ్వుకుంటూ కూడా జోకులేసేవాణ్ణి నిన్నే చూశాను. మీప్‌కి ఈ ఉత్తరం చూపించు. దాని నాలుక నీలమైతే అయింది, బుద్ధి నీకంటే తెల్లగా ఉంది.

లీన్


మూర్‌హైడె
జనవరి ఆఖరు

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి చెయ్యి రాలేదు.

కొట్టం కింద గొయ్యి నిండిపోయింది. సెప్టెంబరునుంచే నిండుతోంది, నీకు రాయలేదు. బావ ఉన్నాడుగా అనుకున్నాను. ఇప్పుడు పెంట కిందకి జారడానికి నేలలో వదిలిన సందులకి బెత్తెడు దూరంలోకి వచ్చింది. ఆడపందులు పడుకోవడానికి పొడిచోటు వెతుక్కుంటున్నాయి. చలికాలం పొలం మీద పొయ్యనివ్వరు. నిన్న ఆఫీసు మనిషి వచ్చి, ఎక్కడికి పంపుతావని మళ్ళీ అడిగాడు. "చూస్తున్నాను," అని వినయంగా చెప్పాను. ఈ నోటికి ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. వసంతం నాటికి జవాబు చెప్పకపోతే పందుల్ని లారీ ఎక్కించుకోమని చెప్పి పోయాడు.

పరీక్ష ఫలితం వచ్చింది. డ్రీస్ సంఘం హాల్లో అందరి ముందూ లేచి చదివాడు. ముందుగా విప్పి చూసుకోలేదు, అంత నమ్మకం. "చక్కెర. సోంపు," అని చదివి ఆగిపోయాడు.

"నీ పందులకి అజీర్తి లేదన్నమాట, అధ్యక్షా!" అని ఎవడో వెనకనుంచి అరిచాడు. నేను కాదు.

ఊరు ఊరంతా కుర్చీల్లోంచి జారిపడింది. ఈ ఊరివాళ్ళకి నవ్వడానికి ఒకడు దొరికితే చాలు, అది తమ టవర్ అన్న సంగతి కూడా గుర్తుండదు. డ్రీస్ ముఖం ఉడకబెట్టిన దుంపలా అయింది. పెళ్ళాం వైపు తిరిగాడు.

"కోబా, నువ్వేనా? ఆ పురిటి హడావిడిలో నువ్వేగా డబ్బాలు సర్దింది?"

కోబా తల తిప్పింది. మూడు వరసల వెనకనున్న నన్ను చూసింది. నా మొహం ఈ చివరనుంచి ఆ చివరిదాకా, నెమ్మదిగా. తర్వాత, "నేనే అయ్యుంటాను. తారుమారు చేసి ఉంటాను," అంది.

"సీసాకీ డబ్బాకీ తేడా తెలీని మనిషిని కట్టుకున్నాను, ఏం చెయ్యను!" అన్నాడు వాడు హాలుకంతటికీ వినిపించేలా. మళ్ళీ నవ్వులు. ఇప్పుడు బజారులో ఆమె కనబడితే 'సోంపు కోబా' అంటున్నారు. రొట్టెల దుకాణంలో ఆమెకి పొట్లం కట్టిస్తూ "ఇది సోంపు కాదు, చూసుకో" అన్నారుట.

అర్థం కావడం లేదక్కా. నా పేరు చెప్తే సరిపోయేది. నేను వంటింట్లోకి వచ్చిన సంగతి ఊళ్ళో మీప్‌కీ ఆమెకీ తప్ప ఎవరికీ తెలీదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో జరిగిన ప్రతి తుంటరి పనీ నా నెత్తినే రుద్దారు, చెయ్యనివి కూడా. తీరా చేసినదాన్ని ఆమెకిచ్చేశారు.

ఈ ఏడు కూడా కార్నివాల్‌కి హాల్లో పీపాలో నిలబడి, అందరిమీదా జోకులేసి ఊరిని ఉతికే పని నాదే. దారిలో కనబడినవాడల్లా కన్ను కొట్టి, "సోంపు కోబా మీద గట్టిగా తగిలించు, నోల్," అంటున్నాడు. వీళ్ళు మనుషులా?

నోల్


ఔడెప్లాట్
ఫిబ్రవరి

నోల్,

అర్థం కాలేదా? నీ పేరు చెప్తే డ్రీస్ నిన్ను ఈ జన్మలో టవర్ ఛాయలకి రానివ్వడు. నీ పందులకి చోటు ఉంచుతానని అది నాకు మాటిచ్చింది. అందుకని నోరు మూసుకుంది.

నీకోసం ఊరంతా దాన్ని చూసి నవ్వుతుంటే నువ్వు ఇంట్లో కూర్చుని అర్థం కావడం లేదని నాకు ఉత్తరాలు రాస్తున్నావు. యాభై దాటాయి నీకు.

పీపాలోంచి దాని మీద ఒక్క మాట వదిలావంటే ఇంక ఈ చిరునామాకి ఏమీ పంపకు.

లీన్


మూర్‌హైడె
మార్చి

అక్కా,

వదల్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మితే నమ్ము.

పీపాలో నిలబడ్డాను. రంగుల టోపీ, ముక్కుకి ఎర్ర రంగు. హాలు కిక్కిరిసి ఉంది. డ్రీస్ ముందు వరసలో, పక్కన కోబా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. అది తిట్లు వినడానికి సిద్ధపడి వచ్చిన మనిషి కూర్చునే పద్ధతి. నేను మొదలుపెట్టాను. "అధికారిగారి సీసాలో సోంపు పోసిన దొంగని నేనే. పందులున్నవాణ్ణి, మెదడు లేనివాణ్ణి," అని తెల్లవి ఏరుకోవడం దగ్గర్నుంచి మెట్లమీద కోబా అడుగుల చప్పుడుదాకా అంతా చెప్పాను.

బల్లలు పగిలేలా కొట్టారు. ఏడ్చేలా నవ్వారు. "ఆఖరికి కోబా తప్పు కూడా వీడే కొట్టేశాడురా, జోకు కోసం!" అని అరిచారు. డ్రీస్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు! పీపాలో ఉన్నవాడు చెప్పింది ఎవడూ నమ్మకూడదని, ఎవడూ కోపం తెచ్చుకోకూడదని మనమే కదా తాతలనాటినుంచీ పెట్టుకున్నది. జీవితంలో ఒక్కసారి నిజం చెప్పినందుకు వచ్చినంత పెద్ద నవ్వు నా ఏ జోకుకీ రాలేదు.

కోబా ఒక్కతే నవ్వలేదు.

కార్నివాల్ అయ్యాక, ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు చర్చినుంచి నుదుటిమీద బూడిద గుర్తులతో అందరం సారాకొట్టుకి వెళ్ళాం, ఉప్పుచేప తినడానికి. డ్రీస్ చేపని తోకపట్టి ఎత్తి నోట్లోకి దింపుకుంటున్నాడు.

"డ్రీస్, సీసాలో సోంపు పోసింది నేనే."

"చెప్పావుగా. బాగా నవ్వాంగా."

"ఇప్పుడు పీపా లేదు. ముక్కుకి రంగు లేదు. చూడు."

చూశాడు. చేప పళ్ళెంలో పెట్టాడు.

"కోబాకి తెలుసా?"

"మొదట్నుంచీ."

వాడు నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. కొట్టలేదు. నుదురు తుడుచుకున్నాడు, బూడిద కనుబొమ్మలదాకా పాకింది. "అందరిముందూ దాన్ని అన్నాను," అన్నాడు. నాతో కాదు, చేపతో. లేచి ఇంటికి పోయాడు.

మర్నాడు నన్ను ఎరువుల ఆఫీసుకి తీసుకెళ్ళాడు. నేను అధికారి ముందు నిలబడి చేసింది చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, "తోకల దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఆయన అంత గట్టిగా చెప్తుంటే కాదనడం ఎందుకని ఊరుకున్నాను," అన్నాడు. చదువుకున్నవాళ్ళంతా ఇలాగే ఉంటారా, లేక మనకి ఏరి పంపుతారా? ఈసారి ఆయనే బూట్లేసుకుని బురదలో దిగి టవర్ అడుగునుంచి గింజలు తీసుకెళ్ళాడు. అనుమతి వచ్చింది. బావకి బస్తాలు బయల్దేరాయి, ఈపాటికి చేరి ఉంటాయి.

నా పందులు ఉన్నాయి. నిన్నటినుంచి గొట్టం బిగించారు, గొయ్యి దిగుతోంది. బిగించేటప్పుడు డ్రీస్ వచ్చి దగ్గరుండి చూశాడు. తెల్లకోటు లేదు. "నీకోసం కాదు. చోటు ఉంచమని కోబా అంది, సోంపు సంగతి తెలిశాక కూడా ఉంచమనే అంది. నీకూ నాకూ మధ్య ఇంక మాటలు లేవు. ఈ గొట్టం ఉంది, చాలు," అన్నాడు. ఆ ముక్క వాడు బాగానే అన్నాడు, ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రం కోబా దగ్గరికి వెళ్ళాను. ఎప్పట్లాగే ఇంటి వెనకవైపునుంచి. మన ఊళ్ళో వెనక తలుపుకి గడియ ఉంటుందని నీకు తెలుసా? నాకు తెలీదు. తోశాను, రాలేదు. లోపల ఆమె గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"కోబా, నేను. నోల్‌ని."

చప్పుడు ఆగింది.

"ముందు తలుపు దగ్గరికి వెళ్ళు, నోల్."

అక్కా, ముందు తలుపు! అది ఫాదరుగారికీ, శవపేటికకీ, ముక్కూమొహం తెలీని అమ్మకాలవాళ్ళకీ తీసేది. చుట్టూ తిరిగి వెళ్ళి, అక్కడో గంట ఉంటే మోగించాను. చాలాసేపు పట్టింది, బిగుసుకుపోయి ఉంది కాబోలు. తీసింది. చేతులు తడిగా ఉన్నాయి. "చెప్పండి," అంది.

అండీట! మఫ్లరు చుట్టిన చేతులు.

నేను వెళ్ళేముందు అనుకున్నవి చాలా ఉన్నాయి. చివరికి నా నోటినుంచి ఏం వచ్చిందో తెలుసా? "పందులు బాగున్నాయి," అని. ఆమె తలూపి, "సంతోషం," అని తలుపు వేసింది. గట్టిగా కాదు. తపాలావాడి మొహం మీద వేసినట్టు.

నువ్వు ఆమెకి రాయి. నేను రాస్తే కాగితం తిరగేసి జోకు ఎక్కడుందా అని వెతుక్కుంటుంది.

నోల్


ఔడెప్లాట్
మార్చి, దుంపలు నాటాక

నోల్,

గింజలు చల్లాం. వాసన లేదు. మారినుస్ ఒకటి నోట్లో వేసుకుని చూసి ఉమ్మేశాడు. ఇది సోంపు కాదని నమ్మకం కుదిరింది అన్నాడు. ఈ మనిషి జోకు వెయ్యడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, అదీ నీ ఖర్మవల్ల.

కోబాకి నేను రాయను. నీ బదులు రాయడం, నీ బదులు అడగడం, నీ బదులు మాట పడడం, ఆడవాళ్ళం చేసింది చాలు.

తలుపు తీసిందిగా? మళ్ళీ వెళ్ళి గంట కొట్టు.

లీన్